బొటనవేలి కింద కాపురం

కువైట్‌లోని సబ్హాన్‌లో మా ఆఫీసు గుమ్మం పక్కన హాజరు మెషీను ఒకటి ఉంది. వచ్చినవాడు బొటనవేలు ఆనిస్తే పచ్చదీపం వెలిగి, పేరు చూపించి, టైము రాసుకుంటుంది. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పఠాను వేలు అది ఒప్పుకుంటుంది. గోడౌన్లో పెట్టెలు మోసే బంగ్లా కుర్రాడి వేలు ఒప్పుకుంటుంది. చాయ్ పోసే అబ్బాయి వేలు సరేసరి. ఏసీ గదిలో కూర్చుని లెక్కలు చూసే నా వేలు మాత్రం ఒప్పుకోదు. ఎర్రదీపం వేసి మళ్ళీ పెట్టమంటుంది. ఉఫ్‌మని ఊది పెడతాను, చొక్కాకు తుడిచి పెడతాను, కాస్త తడిచేసి పెడతాను. నా వెనక క్యూ పెరుగుతూ ఉంటుంది. చివరికి హెచ్ఆర్ చూసే మలయాళీ పెద్దమనిషి నిట్టూర్చి రిజిస్టరులో తన చేత్తో నా పేరు రాస్తాడు.

కీబోర్డు కొట్టుకునేవాడికి వేలెలా అరిగిందని ఆయనకు ఒకటే అనుమానం. వయసండీ అన్నాను. కువైట్ పొడిగాలి పడలేదన్నాను. మా వంశంలోనే ఉందని కూడా అన్నాను. ఆయన తెలుగు పత్రికలు చదవడు కాబట్టి నిజం ఇక్కడ చెప్పుకోవచ్చు. నేను ఇంట్లో అంట్లు తోముతాను.

మధ్యాహ్నం బాక్సులు విప్పే వేళ ఆఫీసులో నేను వర్ణించే గోదావరి జిల్లా వేరే ఉంది. అందులో మగవాడు మంచినీళ్ళు కూడా తనంతట తాను ముంచుకోడు. చెయ్యి కడుక్కుందామని లేస్తే చెంబుతో ఒకరు, తువ్వాలుతో ఒకరు నిలబడి ఉంటారు. పంజాబీలూ పాకిస్తానీలూ నోరు తెరుచుకుని వింటారు. ఆ జిల్లా నేనూ ఎప్పుడూ చూడలేదు. మా ఆవిడ ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. నైటు డ్యూటీలుంటాయి. ఆవిడ జీతం నా జీతం కంటే ఎక్కువ. ఎంత ఎక్కువో రాయను, హాస్య వ్యాసం విషాదాంతమవుతుంది. కాబట్టి అంట్లు, సింకు, స్టవ్వు గట్టు, వారాంతంలో బాత్రూము నా శాఖలు. గీరే పీచు, గిన్నెల సబ్బు, సింకులో పోసే బ్లీచింగ్ నీళ్ళు. వీటి మధ్య నలిగి నలిగి నా రెండు బొటనవేళ్ళూ నున్నబడిపోయాయి.

వేలిమీది గీతలు తల్లి కడుపులో అయిదో నెల నిండేలోపే ఏర్పడిపోతాయట. కవలలకు కూడా ఒక్కలా ఉండవట. గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అన్న గుర్తులను పట్టుకుని మెషీను మనిషిని పోలుస్తుంది. చిన్నప్పుడు మా అమ్మమ్మ నా వేళ్ళు పట్టుకుని చక్రాలెన్ని, శంఖాలెన్ని అని లెక్కపెట్టి, వీడికి రాజయోగం ఉందని తేల్చింది. ఆ చక్రాలే ఇప్పుడు సింకులో కలిసిపోయాయి. ఏకలవ్యుడు గురువు అడిగిన వెంటనే బొటనవేలు కోసి ఒక్కసారిగా ఇచ్చేశాడు. నేను వాయిదాల పద్ధతిలో ఇస్తున్నాను. గురువుగారు అడగనైనా అడిగారు, నన్ను అడిగినవాళ్ళు కూడా లేరు.

ఈ గుట్టు ఆఫీసు దాకా రాలేదు గానీ, సర్కారు దాకా వెళ్ళింది. కువైట్‌లో ఉన్నవాళ్ళంతా పది వేళ్ళ ముద్రలూ, ముఖమూ, కంటిపాపా బయోమెట్రిక్‌లో నమోదు చేయించుకోవాలని 2023లో మొదలుపెట్టారు. మనలాంటి ప్రవాసులకు 2024 డిసెంబరు 31 గడువు. అది దాటితే బ్యాంకు లావాదేవీలు ఆగిపోతాయని అందరికీ గుబులు. అరబ్బీలో వేలిముద్రను బస్మా అంటారు. నాకది భస్మం అనే వినపడేది, చివరికి అదే అయింది. సహెల్ యాప్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని ఇద్దరం వెళ్ళాం. సహెల్ అంటే సులువు అని అర్థం. మా ఆవిడ విషయంలో సులువుగానే అయింది, ఆవిడ అటువైపు కౌంటర్లో ముగించుకుని వచ్చి నా వెనక నిలబడింది. నా బొటనవేలు అద్దం మీద పెడితే తెరమీద తెల్లటి మచ్చ ఒకటి కనపడింది. ఇంకోసారి, ఇంకోసారి. కౌంటరులోని కువైటీ కుర్రాడు మర్యాదస్తుడు, తడి టిష్యూ ఇచ్చాడు. నా బతాకా, అంటే గుర్తింపు కార్డు చూసి, ఏం ఉద్యోగమని అడిగాడు. ముహాసిబ్ అన్నాను, అకౌంటెంటునని. ముహాసిబ్‌కి ఈ వేళ్ళేమిటి అన్నట్టు చూశాడు. నా వెనకనుంచి మా ఆవిడ ఒకే ఒక్క అరబ్బీ మాట అంది.

'మత్‌బఖ్.'

వంటిల్లు అని అర్థం. ఆ కుర్రాడు నవ్వాడు. పక్క కౌంటరువాడికి చెప్పాడు, అతనూ నవ్వాడు. నాతో పాటు నిలబడ్డ ఈజిప్షియను నా భుజం తట్టి ఓదార్చాడు. ఎలాగో చివరికి ముద్ర పడింది.

వేలిముద్ర అంటే మనకు తరతరాలుగా చదువురానివాడి సంతకం. మా తాతగారు నిశానీదారు. రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా ఆయన ఎడమ బొటనవేలిని పట్టుకుని, సిరా మెత్త మీద దొర్లించి, కాగితం మీద అద్దేవాడు. కుడిచెయ్యి పనిలో అరుగుతుంది గనక ఎడమదట. మనవడు ఎంకాం చదివాడు, ఎడమదీ కుడిదీ రెండూ అరిగాయి, ఎందుకంటే గిన్నె ఎడమచేత్తో పట్టుకోవాలి. హిందీవాళ్ళు నిశానీదారును అంగూఠా ఛాప్ అంటారు. ఈ కువైట్‌లో డాక్టరేట్లున్న వాళ్ళనూ, వీసా ఇచ్చే కఫీల్‌నూ, డ్రైవరునూ వరసలో నిలబెట్టి అందరినీ అంగూఠా ఛాప్‌లను చేసేశారు. అది నాకు బాగా నచ్చింది.

ఈ ముద్రల వ్యవహారంలో మన దేశానికి పాత చరిత్రే ఉంది. 1858లో బెంగాల్లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే తెల్లదొర, రోడ్డుకు కంకర తోలే రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరుతో ఒప్పందం రాసుకుని, దానిమీద అతని అరచెయ్యి మొత్తం అద్దించాడు. ఆ సంతకం నాది కాదని రేపు బుకాయించకుండా ఉండడానికి. 1897లో కలకత్తాలో ప్రపంచంలోని తొలి వేలిముద్రల బ్యూరోల్లో ఒకదాన్ని పెట్టారు. ముద్రలను వర్గాలుగా విడదీసే లెక్కంతా అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్ళు కూర్చుని తేలిస్తే, ఆ పద్ధతికి పేరు మాత్రం వాళ్ళ పైఅధికారి ఎడ్వర్డ్ హెన్రీది పడింది. ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళెవరికీ ఇది కొత్తగా అనిపించదు. ఇళ్ళల్లోనూ అంతే. నేను తోమిన గిన్నెలు చూసి వచ్చినవాళ్ళంతా ఇల్లు ఎంత అద్దంలా ఉంచుతుందో అని మా ఆవిడను మెచ్చుకుంటారు.

ఇంతవరకూ నా బొటనవేలి కష్టాలు తెలుగులోనే ఉండేవి. వాటిని ఇంగ్లీషులోకి తెచ్చింది మా అమ్మాయి. ఇక్కడి ఇండియన్ స్కూల్లో ఏడో క్లాసు చదువుతోంది. థంబ్ అనే మాటతో ఇంగ్లీషులో ఉన్న పలుకుబడులు రాసుకుని, ఒక్కోదాన్ని మీ ఇంట్లో జరిగిన సంగతితో వాక్యంలో వాడమని వాళ్ళ టీచరు హోంవర్కు ఇచ్చింది. ఇంట్లో జరిగిన సంగతి! ఆ టీచరమ్మకు నా మీద ఏం కోపమో తెలియదు. నేను ఇంగ్లీషులో గట్టివాడినని ఇంట్లో ఒక పుకారు ఉంది, అది పుట్టించింది నేనే. నన్ను అడుగు తల్లీ అని కుర్చీ లాక్కున్నాను.

మొదట అది అడిగింది, థంబ్ స్పెల్లింగులో చివరి బి ఎందుకు నాన్నా, పలకం కదా అని. నేను ఆలోచించేలోపే, 'ఊరికే చివర నిలబడి ఉంటుందా, నీలాగా?' అంది. ఆ తర్వాత నేను వెతికి చూస్తే నిజంగా ఊరికే వచ్చిందే. పాత ఇంగ్లీషులో ఆ వేలి పేరులో బి లేదు. పదమూడో శతాబ్దం చివర్లో ఎవరూ పిలవకుండా వచ్చి చేరి, అప్పట్నుంచి పని లేకుండా కూర్చుంది. 1977లో కోకాకోలా వాళ్ళు మన దేశం వదిలి వెళ్ళిపోతే, వాళ్ళ ఖాళీలోకి పార్లే చౌహాన్లు తెచ్చిన థమ్స్ అప్ సీసా మీద బి ఉండదు. మా కాలంలో ఇంగ్లీషు మాస్టార్లు దాన్ని తప్పు స్పెల్లింగుకు ఉదాహరణగా చూపించేవారు. పాత ఇంగ్లీషు లెక్కన చూస్తే మాస్టార్ల కంటే సీసానే నయం. 1993లో కోకాకోలా వాళ్ళే తిరిగొచ్చి ఆ సీసాను కొనుక్కున్నారు, బి మాత్రం పెట్టలేదు.

తర్వాత రూల్ ఆఫ్ థంబ్. అంటే ఉజ్జాయింపు, చేతి లెక్క అని చెప్పి అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నాకు తెలిసిందంతా చెప్పకపోతే నిద్రపట్టదు. పూర్వం ఇంగ్లండులో మొగుడు తన బొటనవేలి కంటే లావు లేని కర్రతో పెళ్ళాన్ని కొట్టొచ్చని 1782లో ఫ్రాన్సిస్ బుల్లర్ అనే జడ్జి అన్నాడని ప్రచారమైందనీ, గిల్‌రే అనే చిత్రకారుడు ఆయన్ను కర్రలు అమ్ముకునే జడ్జి థంబ్‌గా వెక్కిరిస్తూ కార్టూను వేశాడనీ గట్టిగా చెప్పాను. ఆ జడ్జి నిజంగా అలా తీర్పిచ్చినట్టు ఎక్కడా దాఖలా దొరకలేదనీ, ఆ పలుకుబడి అంతకు వందేళ్ళ ముందునుంచే ఉందనీ రెండో సగం చెప్పబోతుంటే వంటింట్లోంచి ప్రశ్న వచ్చింది.

'ఏవండీ, ఆ చట్టం ఆడవాళ్ళకు కూడా వర్తిస్తుందా? మన అట్లకాడ సన్నంగానే ఉంది.'

మిగతా సగం నేను చెప్పలేదు. అమ్మాయి మాత్రం వాక్యం రాసుకుంది: మా నాన్న రూల్ ఆఫ్ థంబ్ ప్రకారం అన్నం వండుతారు. ఇది అక్షరాలా నిజం, అందుకే మరీ నొప్పి. బియ్యం మీద నీళ్ళు ఎంత ఉండాలో మన ఆడవాళ్ళు వేలు ముంచి కణుపు లెక్కన చూస్తారు. ఆ వేలు చూపుడువేలు. నేను దూరం నుంచి గమనించి, వేలు అనే సూత్రం పట్టుకుని, ఏ వేలన్నది వదిలేసి బొటనవేలు ముంచాను, అదీ మొదలు దాకా. ఆ రోజు మేం తిన్నది గ్లాసులతో తాగాం. వేళ్ళతో కొలవడం తక్కువ పనేం కాదు. ఫ్రెంచివాళ్ళకు బొటనవేలికీ అంగుళానికీ ఒకే మాట, డచ్చివాళ్ళకూ అంతే, మన అంగుళం కూడా వేలిలోంచి పుట్టిందే. కొలత మంచిదే, కొలిచిన మనిషిలోనే ఉంది లోపం.

ఆల్ థంబ్స్ అనేదాన్ని అమ్మాయి నన్ను అడగలేదు. చేతికున్న వేళ్ళన్నీ బొటనవేళ్ళే అయినట్టు, ఏది పట్టుకున్నా జారవిడిచేవాడని దానికి తెలుసట. వాక్యంలో గ్యాస్ రెగ్యులేటరు, కర్టెను రాడ్డు, నేను బిగించాక ఒక తలుపు ఇటు, ఇంకో తలుపు అటు తెరుచుకునే చెప్పుల స్టాండు వచ్చాయి. దెబ్బతగిలిన వేలిలా అందరి కంటా పడే సోర్ థంబ్‌కి కూడా నేనే. ఎండాకాలం ఇక్కడ కూరగాయల మార్కెట్లో పుల్లమామిడి దొరికితే ఆవకాయ పెడదామని సంబరపడి, టెంక తెగే కత్తి మా ఇంట్లో లేదని తెలిసీ, మామూలు కత్తితో కొట్టాను. టెంక తెగలేదు. మా ఆవిడ నర్సు కాబట్టి గాభరా పడలేదు, గాభరా పడకపోవడమే నాకు బాధగా అనిపించింది. ముందు మామిడి ముక్కల మీద నెత్తురు పడిందేమో చూసింది, తర్వాత నా వేలు చూసింది. ఆసుపత్రిలో వాడే గుడ్డంతా చుట్టి, వేలిని కీరా దోసకాయంత చేసింది. ఆఫీసులో కారు బానెట్ పడిందని చెప్పాను. కారు మా ఆవిడ పేరున ఉంది, ఆ మాట చెప్పలేదు.

చిక్కొచ్చింది ముక్కు దగ్గర. మనకు ఆశ్చర్యమేస్తే ముక్కున వేలేసుకుంటాం. ఇంగ్లీషువాళ్ళు ముక్కుకు బొటనవేలు ఆనించి మిగతా వేళ్ళాడిస్తే అది వెక్కిరింత, లెక్కచేయనని చెప్పడం. వేలు మారితే అర్థమే తిరగబడింది. నేను సంగతి తెలియక, ముక్కున వేలేసుకోవడమంటే ఇదేనమ్మా అని ఒక పలుకుబడిని ఇంకోదానికి అతికించి ఇచ్చాను. అది వెళ్ళి రాసింది: నా మార్కులు చూసి మా నాయనమ్మ ముక్కుకు బొటనవేలు పెట్టుకుంది. డెబ్బై దాటిన ముసలావిడ మనవరాలిని అంత మొరటుగా వెక్కిరించడమేమిటని టీచరు పేరెంట్స్ మీటింగులో నెమ్మదిగా ఆరా తీసింది. మా ఆవిడ నావైపు చూసింది. నేను గోడమీది ప్రపంచపటం చూశాను.

ఇలాంటి పొరపాటే ఇరానీ రొట్టెల కొట్టులో చేశాను. సబాహ్ అల్ సాలెంలో మా ఇంటికి దగ్గర్లో తందూరు పొయ్యిలోంచి వేడివేడిగా తీసిచ్చే పెద్దాయన ఉన్నాడు. రొట్టె అద్భుతంగా ఉందని చెప్పడానికి భాష చాలక బొటనవేలు పైకెత్తి చూపించాను. ఇరాన్, ఇరాక్ వైపు పాతతరం మనుషులకు అది మనం ఇంట్లో ఆడవాళ్ళ ముందు చెప్పుకోలేని తిట్టు. ఆయన ఒక్క క్షణం నా వేలిని, తర్వాత నన్ను చూశాడు. పక్కనున్న కుర్రాడు వాట్సాప్, వాట్సాప్ అని ఆయనకు సర్దిచెప్పాడు. ఆయన నవ్వి రొట్టె చేతికిచ్చాడు. లోకంలో ఇన్ని తరాల తిట్టును ఒక ఫోను బొమ్మ చెరిపేస్తోంది. రోమన్ల వేలు సంగతీ ఇంతే. కత్తియోధుడు ఓడినప్పుడు జనం బొటనవేలు తిప్పేవారని పాత రాతల్లో ఉంది, పైకో కిందికో రాయలేదు. 1872లో జెరోమ్ అనే ఫ్రెంచి చిత్రకారుడు కిందికి తిప్పి బొమ్మ వేశాడు, సినిమాలు దాన్నే పట్టుకున్నాయి, నేను ఉప్మా చేసిన రోజు మా అమ్మాయీ దాన్నే పట్టుకుంటుంది.

గ్రీన్ థంబ్ దగ్గర మా ఆవిడ పేరు వచ్చింది. చెయ్యి పెడితే మొక్క బతికేవాడికి అమెరికాలో బొటనవేలు పచ్చ, ఇంగ్లండులో వేళ్ళన్నీ పచ్చ. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీల ఎండ నమోదైంది, ఆసియాలో అంతకు మించినది లేదు. అలాంటి దేశంలో మా బాల్కనీలో ఆవిడ కరివేపాకు చెట్టు నా నడుము దాటింది. నేను ఊరి నుంచి సూట్‌కేసులో దాచి తెచ్చిన గోంగూర విత్తనాలు మొలిచి, నన్ను గుర్తుపట్టి, చనిపోయాయి. మిట్టమధ్యాహ్నం దాహమేస్తుంది కదా అని ట్యాంకులో మరిగిన నీళ్ళు పోశానట. నైటు డ్యూటీ చేసి వచ్చి తెల్లారకముందే నీళ్ళు పోసే మనిషితో పోటీ పడకూడదు.

ఇక అండర్ ది థంబ్. పెళ్ళాం మాట దాటని మొగుడని. ఇది చదివి అమ్మాయి నోరు మూసుకుని నవ్వింది, ఏమీ అడగలేదు. నేనే ఆలోచనలో పడ్డాను. మన భాషలో అలాంటి మొగుణ్ణి ఆవిడ కొంగున కట్టేసుకుంటుంది. కొంగుకు కట్టినవాడు కాస్త అటూ ఇటూ తిరగొచ్చు, చీర ఎంత పొడవుంటే అంత. గాలి తగులుతుంది. పండగపూట జరీ కూడా ఉంటుంది. ఇంగ్లీషువాడి బొటనవేలి కింద ఆ సౌకర్యాలేవీ లేవు. మరి నేనెందులో ఉన్నాను అని చూసుకుంటే పెళ్ళి గుర్తొచ్చింది. తెలుగులో చేతిదీ బొటనవేలే, కాలిదీ బొటనవేలే. సన్నికల్లు తొక్కించేటప్పుడు పురోహితుడుగారు పెళ్ళికూతురి కాలి బొటనవేలు పట్టుకోమన్నారు. వంగి పట్టుకున్నాను. ఫొటోగ్రాఫరు, అలాగే ఉండండి సార్, లైటు సరిపోలేదు అన్నాడు. ఆ ఫొటో మా హాల్లో టీవీ పైన ఉంది. వచ్చినవాళ్ళకు వేరే వివరణ అక్కర్లేదు. మేమున్న గవర్నరేటు 1999లో ఏర్పడినప్పుడు, 1896 నుంచి 1915 దాకా కువైట్‌ను ఏలిన ముబారక్ అల్ కబీర్ పేరు పెట్టారు, కబీర్ అంటే ఘనుడు, పెద్ద. ఆ పేరు రోడ్డు బోర్డులన్నిటి మీదా కనిపిస్తుంది. మా ఫ్లాటులో కబీర్ ఎవరన్నది ఆ ఫొటో చెబుతుంది.

అసలు దెబ్బ మాత్రం ఫోనులో పడింది. ఫేస్‌బుక్ 2009లో లైక్ మీట పెట్టినప్పటి నుంచి మగజాతికి మాటలు ఆదా అయ్యాయి. ఆఫీసులో ఉన్నప్పుడు మా ఆవిడ నుంచి పొడుగాటి మెసేజి వస్తే నేను మొదటి లైను చూసి బొటనవేలు బొమ్మ పంపేవాణ్ణి. ఆవిడకు సంతోషం, నాకు ప్రశాంతం. 2023లో కెనడా కోర్టు తీర్పు ఒకటి పేపర్లో వస్తే టిఫిను తింటూ ఆవిడకే చదివి వినిపించాను. సస్కాచువాన్ రాష్ట్రంలో ఒక రైతుకు ధాన్యం కొనే కంపెనీ వాడు అవిసె గింజల ఒప్పందం ఫొటో తీసి ఫోనులో పంపి, ఖాయం చేయమన్నాడట. రైతు బొటనవేలు బొమ్మ పంపాడట. గింజలు ఇవ్వాల్సిన వేళకు ధర రెండింతలు దాటింది, రైతు ఇవ్వలేదు. కాగితం అందింది అని చెప్పడానికే ఆ బొమ్మ పెట్టాను, ఒప్పుకోవడానికి కాదు అని కోర్టులో వాదించాడు. జడ్జి పాత మెసేజీలు తిరగేసి చూస్తే, అంతకుముందు ఒప్పందాలకు కూడా అతను ఓకే, ఊఁ, బావుంది అని ముక్తసరిగానే జవాబిచ్చి, సరుకు బుద్ధిగా తోలాడు. బొటనవేలు సంతకంతో సమానమేనని తేల్చి, 82,000 కెనడా డాలర్ల పైచిలుకు కట్టమన్నారు. ఎంత తెలివితక్కువ వాడో చూడు అని నేను పగలబడి నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు. పేపరు తీసుకుని ఇంకోసారి చదివింది. అప్పుడైనా నాకు తట్టాల్సింది.

కొన్నాళ్ళకు ఓ సాయంత్రం ఇంటికెళ్తే హాల్లో కొత్త పరుపు ఉంది. అది నాకు. మా బావమరిది కుటుంబం విజిట్ వీసా మీద వస్తోంది, వాళ్ళకు మా పడకగది. ముబారకియా బంగారం బజారులో కాసులపేరుకు అడ్వాన్సు కట్టడమైంది, నేను రహస్యంగా నడుపుకుంటున్న చిట్టీ పాడిన డబ్బుతో. నాకు చెప్పకుండా ఇవన్నీ ఏమిటని గొంతు పెంచాను. ఆవిడ ఫోను తెచ్చి చూపించింది. అన్నీ వరసగా రాసి, చివర్లో 'ఇవన్నీ మీకు సమ్మతమేనా?' అని అడిగి ఉంది. కింద నా బొటనవేలు, పసుప్పచ్చగా, నిటారుగా.

'అది చూశానని చెప్పడానికి పెట్టాను' అన్నాను.

'చూశారని చెప్పడానికి రెండు నీలం టిక్కులు చాలుగా?'

'అయోమయంగా ఉంది కదా, రెండర్థాలొస్తాయి. అరబ్బీలో బొటనవేలినీ ఇబ్‌హామ్ అంటారు, స్పష్టత లేకపోవడాన్నీ ఇబ్‌హామ్ అనే అంటారు. మా ఆఫీసు ఈజిప్షియను చెప్పాడు.'

'అదీ అతని పెళ్ళాంతో చెప్పమనండి.'

అని, పాత మెసేజీలు పైకి జరుపుతూ వెళ్ళింది. ఫ్రిజ్ మార్చినప్పుడు నేను పంపిన ఓకే. వాళ్ళ అమ్మగారిని రప్పించినప్పుడు నేను పంపిన అలాగే. అమ్మాయిని కర్ణాటక సంగీతంలో చేర్పించినప్పుడు పంపిన ఊఁ. అన్నిటికీ నేను బుద్ధిగా డబ్బు కట్టాను. నా అలవాటే నా మీద సాక్ష్యం చెప్పింది. హెర్షెల్ దొర కాంట్రాక్టరు చేత చెయ్యి అద్దించింది ఎందుకో నాకు పరుపు మీద పడుకున్నాక బాగా అర్థమైంది. అరిగిపోయి ఏ మెషీనుకూ అందని నా వేలిముద్ర, ఆవిడ ఫోనులో మాత్రం ఎక్కడా చెదరకుండా ఉంది.

కాబట్టి ప్రవాస తెలుగు భర్తలకు నా విన్నపం. ఆఫీసులో ఎంత పనున్నా ఇంటి మెసేజి చివరి లైను దాకా చదవండి. చదివే ఓపిక లేకపోతే జవాబు ఇవ్వకండి. తిట్లు పడతాయి, పడనివ్వండి, కాసులపేరు కంటే చవక.

ఆ కెనడా రైతు తీర్పు మీద అప్పీలుకు వెళ్ళాడు. 2024 డిసెంబరులో దాన్నీ కొట్టేశారు. నేను అప్పీలు చేయలేదు, మా ఇంట్లో రెండు కోర్టులకూ జడ్జి ఒకరే.